విశ్వాసం ఉంటే నిద్ర ఎందుకు పట్టడం లేదని అడిగిన చెల్లెమ్మకు

చెల్లెమ్మా, మీ ప్రశ్న నిదానంగా చదివాను. మీది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో, కవిటి దగ్గర పల్లె. మీ ఆయనకు కిడ్నీలు పాడై కొన్ని నెలలుగా డయాలసిస్ జరుగుతోంది. తిత్లీ తుపానులో పోయిన కొబ్బరి చెట్ల చోట వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి, ఈలోగా చేసిన అప్పు అలాగే ఉంది. జనవరి ఒకటి ఆరాధనలో మీ చేతికొచ్చిన వాగ్దాన కార్డు (ఏడాదికొకటని బుట్టలోంచి తీసుకునే బైబిలు వచనం) మీద "నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే" అని ఉంది. ఉపవాస కూడికలో ఒకరు, నిజమైన విశ్వాసం ఉంటే డయాలసిస్ మానేసి దేవుడి మీద ఆనుకోండి అన్నారు. మీరేమో ఆదివారం సాక్ష్యంలో "దేవుడు అంతా మేలే చేశాడు" అని చెప్పి కూర్చుంటున్నారు, ఇంటికొచ్చాక తెల్లవారుజాము దాకా కన్ను మూతపడటం లేదు. "నాది దొంగ విశ్వాసమా అక్కా? ఈ పరిస్థితిలో కృతజ్ఞత ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి?" అని అడిగారు.

నేను ఈ జిల్లాలోనే ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా సంఘంలో స్త్రీల సమాజం పని చూస్తున్నాను. మంచం పక్కన ప్రార్థించిన వాళ్లని, ప్రార్థించలేక గోడకేసి తిరిగి పడుకున్న వాళ్లని దగ్గరగా చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ముందు డయాలసిస్ సంగతి. దయచేసి మానకండి. ఒక్క వారం కూడా వద్దు. కిడ్నీలు పూర్తిగా పనిచేయనప్పుడు ఒంట్లో నీరు బయటికి పోయే దారి ఉండదు, అది ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం మొదలవుతుంది. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఏ క్షణాన్నయినా ఆగిపోవచ్చు. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు ఆ మిషన్ చేసే పని ఆయన కిడ్నీలు చేయాల్సిన పని. అది ఆపమని చెప్పినవాళ్లు మంచి మనసుతోనే చెప్పి ఉండొచ్చు. కానీ ప్రాణం పోతే ఆ బాధ్యత మోయడానికి వాళ్లు రారు.

ఇది నర్సుగా చెబుతున్న మాట. విశ్వాసిగా కూడా అదే చెబుతాను. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో పడుకుని ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, ఇంకో 15 ఏళ్లు ఆయుష్షు ఇస్తానన్నాడు. అంత స్పష్టమైన మాట వచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. మందు కట్టడం ఆ వాగ్దానాన్ని అనుమానించడం అవుతుందని ఎవరూ అనలేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. తిమోతికి తరచు కడుపు బాధ వస్తుంటే పౌలు చెప్పింది ఆ కాలంలో ఇంట్లో దొరికే ఔషధమే. ఇక యేసు ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారు అని లేఖనం చదివి మరీ చెప్పినవాడు సాతానని మీకు తెలుసు. ప్రభువు దూకలేదు. దేవుణ్ణి శోధించకూడదన్నాడు. డయాలసిస్ మానేసి చూద్దాం, దేవుడు ఏం చేస్తాడో అనుకోవడం ఆ శిఖరం మీద నిలబడటమే.

మన ప్రాంతానికి సువార్త వచ్చిన తీరు కూడా గుర్తు చేసుకోండి. మీకు దగ్గర్లోని సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషన్ ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ ఏళ్ల తరబడి కంటి ఆపరేషన్లు చేశారు. ఆ పనికి అండగా నిలవడానికే 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. సాలూరులో ఫిలదెల్ఫియా ఆసుపత్రి కుష్ఠు రోగులను చేరదీసింది. ఆ రోజుల్లో వాళ్లని ముట్టుకునేవాళ్లే తక్కువ. బైబిలు పట్టుకుని వచ్చిన చేతులే కత్తి, సూది కూడా పట్టాయి. ఆ రెంటినీ విడదీసే బోధ మన పెద్దలు మనకు అప్పగించింది కాదు.

మీ సంఘం వాళ్లకు కూడా నాలుగు మాటలు చెప్పాలి, వాళ్ల ప్రేమే ఒక్కోసారి ప్రమాదం తెస్తుంది. రోగిని చూడటానికి వచ్చేవాళ్లు మన ఉద్దానంలో ఏం తెస్తారు? కొబ్బరి బొండాలు, అరటిపండ్లు, జీడిపప్పు. డయాలసిస్ మనిషికి కొబ్బరి నీళ్లు మంచివి కావు, వాటిలో పొటాషియం చాలా ఎక్కువ. అరటిపండూ అంతే. జీడిపప్పు డాక్టర్ని అడగకుండా పెట్టొద్దు. ఉప్పు చేప, ఆవకాయ కూడా తగ్గించాలి, ఉప్పు దాహం పెంచుతుంది, దాహం వేస్తే నీళ్లు తాగుతారు, నీళ్లు ఆయనకు కొలత ప్రకారమే ఇవ్వాలి. తెచ్చినవాళ్ల మనసు నొచ్చుకుంటుందని మొహమాటపడకండి. పిల్లలకిచ్చేస్తామని నవ్వుతూ తీసుకోండి. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) పెట్టిన చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కి ప్రార్థించొద్దని సంఘ కాపరి అయ్యగారికి ముందే చెప్పండి. తల మీద చెయ్యి పెడితే చాలు. మీ ఆయన ఉపవాసం ఉండాలనుకుంటే డాక్టరు మాట తప్పనిసరి, షుగరు మందులు కూడా వాడుతుంటే మరీను. ఆయన తరఫున మీ సంఘంలో ఆరోగ్యవంతులు ఉండొచ్చు కదా ఉపవాసం.

వాగ్దాన కార్డు గురించి అడిగారు. అది అబద్ధమైందా అని. ఆ వచనం నిర్గమకాండం 15లో ఉంది, ఒకసారి ఆ అధ్యాయం చివరి భాగం తెరిచి చదవండి. జనం ఎర్ర సముద్రం దాటి మూడు రోజులు నీళ్లు లేక నడిచి, మారాకు వచ్చేసరికి అక్కడి నీళ్లు చేదుగా ఉన్నాయి. తాగలేకపోయారు. దేవుడు ఆ నీళ్లు బాగుచేశాక పలికిన మాట అది. మంచినీళ్ల కోసం అల్లాడిన జనానికి చెప్పిన మాట, ఉద్దానంలో ఉన్న మనకి దాని విలువ వేరేవాళ్లు చెప్పనక్కర్లేదు. అది దేవుడు ఎలాంటివాడో చెబుతుంది, దాన్ని నమ్మండి. ఫలానా సంవత్సరంలోగా ఫలానా మనిషి కిడ్నీలు బాగవుతాయని మాత్రం అందులో లేదు. బుట్టలోంచి తీసిన కార్డుకు మనమే తేదీ వేసి, ఆ తేదీ దాటగానే దేవుడు మాట తప్పాడనుకుంటే ఆయనకు అన్యాయం చేసినవాళ్లమవుతాం, మనమూ నలిగిపోతాం.

హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు ఉద్దానానికి తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి రెండూ 2023 డిసెంబరులో మొదలయ్యాయి. దాని వెనక ఎంతమంది జబ్బు మనుషుల వేడికోలు ఉందో, ఎంతమంది డాక్టర్లు, విలేకరులు, ఉద్యోగులు, నాయకులు ఆ గోడు పట్టించుకుంటే ఇది జరిగిందో. నేనైతే దాన్ని కూడా దేవుడి జవాబుల్లోనే లెక్కేస్తాను. జవాబు మనం అడిగిన ఆకారంలో రాలేదని దాన్ని తోసేయకూడదు.

"మీ ఇంట్లో ఏదో దాచిన పాపం ఉంది" అని కూడా ఎవరో అన్నారని రాశారు. ఆ మాట మీ మనసులోంచి తీసేయండి. ఉద్దానంలో ఈ జబ్బు ఏ మతం వాళ్లని వదిలింది? గుడికెళ్లేవాళ్లకి, చర్చికెళ్లేవాళ్లకి, పొలం చేసుకునేవాళ్లకి, వేటకెళ్లేవాళ్లకి అందరికీ వస్తోంది. ఇన్నేళ్లు పరిశోధించినా ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. శాస్త్రవేత్తలకే తేలని కారణం పక్కింటి వాళ్లకి ఎలా తేలింది? సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్ల కంటే పాపులని అనుకోవద్దని ప్రభువే అన్నాడు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. భయం ఉంటే విశ్వాసం లేనట్టేనా?

"దేనినిగూర్చియు చింతపడకుడి" అనే మాట మీరు గోడ మీద రాసుకున్నారు కదా. అది ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయంలో ఉంది. అదే పత్రికలో రెండో అధ్యాయం చదివారా? పౌలు చెరసాలలో ఉన్నాడు. ఎపఫ్రొదితు అనే తోటి పనివాడు చావు దాకా వెళ్లి బతికాడు. దేవుడు అతని మీదే కాదు నా మీద కూడా కనికరపడ్డాడు, లేకపోతే నాకు "దుఃఖముమీద దుఃఖము" కలిగేది అని రాశాడు. అతన్ని మీ దగ్గరికి పంపేస్తే నా దుఃఖం తగ్గుతుందని కూడా రాశాడు. చింతపడొద్దని చెప్పిన చెయ్యే, నేను ఇంత బాధపడ్డానని దాచకుండా రాసింది. కాబట్టి మీ గుండె దడ చూసుకుని మీ విశ్వాసం దొంగదని తీర్పు చెప్పుకోకండి. అదే వచనంలో తర్వాతి భాగం, మీ విన్నపాలు దేవునికి తెలియజేయండి అని. తెలియజేయాలంటే ముందు మీరు వాటిని నోరు తెరిచి చెప్పాలి. నాకు తోచినంతవరకు మీ దగ్గర ఆగిపోయింది అక్కడే. మీరు సరాసరి స్తుతికి వెళ్లిపోతున్నారు. మధ్యలో చెప్పుకోవాల్సిందంతా గొంతులోనే ఉండిపోయి రాత్రి నిద్ర పట్టనివ్వడం లేదు.

బైబిల్లో పిల్లలు లేక కుమిలిపోయిన హన్నాని చూడండి. షిలోహులో మందిరం దగ్గర బహుగా ఏడుస్తూ, గొంతు వినబడకుండా పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థిస్తుంటే యాజకుడు ఆమె తాగి ఉందనుకున్నాడు. ఆమె నవ్వు మొహం పెట్టుకుని "అంతా మేలే" అనలేదు. మనసులో ఉన్నదంతా ఒలకబోసింది. ఆ తర్వాత లేచి భోజనం చేసింది, ఆమె మొహంలో దిగులు పోయింది. అప్పటికింకా కడుపు పండలేదు. జవాబు రాకముందే ఆమె అన్నం తినగలిగింది. నమ్మకం అంటే నాకు ఎప్పుడూ ఆ పూట భోజనమే గుర్తొస్తుంది.

13వ కీర్తన ఆరు వచనాలే. దావీదు ఎన్నాళ్లు నన్ను మరచిపోతావు, ఎన్నాళ్లు మొహం దాచుకుంటావు అని నిలదీయడంతో మొదలుపెడతాడు. పాట పాడతాను అనే మాట చివరి వచనంలో గానీ రాదు. మీరు ఈ వారం రోజూ అదే వరసలో ప్రార్థించండి. ముందు భయం పేరు పెట్టి చెప్పండి: "ప్రభువా, ఈయన పోతే నేను ఇద్దరు పిల్లలతో ఎలా బతకాలి? అప్పు ఎలా తీర్చాలి? నువ్వు వింటున్నావో లేదో కూడా నాకు తెలియడం లేదు." ఇలా అంటే ఆయనకు కోపం రాదు, సిలువ మీద తన కుమారుడే, నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు అనే 22వ కీర్తనలోని కేకతో పిలిచాడు. తర్వాత ఏం కావాలో అడగండి, పూర్తి స్వస్థత కూడా అడగండి, మానొద్దు. పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే విడవకుండా వేధించే బాధ, తీసేయమని మూడుసార్లు అడిగాడు, దేవుడు తీయలేదు గాని "నా కృప నీకు చాలును" అన్నాడు. అడగడం తప్పని అనలేదు. అప్పుడు, ఆఖరున, ఆ రోజు దొరికిన మేలుకు కృతజ్ఞత చెప్పండి.

ఆ కృతజ్ఞత ఎలా ఉండాలంటే, జబ్బు ఇచ్చినందుకు స్తోత్రం అని నేను ఎవరి చేతా అనిపించను. కిడ్నీ జబ్బు మంచిదని దేవుడూ అనడు. జబ్బు మధ్యలో అందిన వాటికి చెప్పాలి. "సమస్తమునకై వందనాలు" అని గంపగుత్తగా చెప్పేస్తే మనసుకు ఏమీ అంటదు. ఈ రోజు డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోలేదు. ఆటో అబ్బాయి తిరుగు కిరాయి తీసుకోలేదు. పాపకి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద డయాలసిస్‌కి డబ్బు కట్టనక్కర్లేకుండా జరిగింది. నెలకు 10,000 రూపాయల పెన్షన్ ఇంటికొచ్చి ఇచ్చారు. ఇలా పేరు పేరునా చెప్పండి. పిల్లల పాత నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. ఏ రోజైనా ఏమీ కనబడకపోతే ఖాళీగా వదిలేయండి, దొంగలెక్క రాయొద్దు.

ఇంకోటి. దేవుడికి చెప్పిన కృతజ్ఞత మనుషులకి కూడా చేరాలి. పదిమంది కుష్ఠు రోగులు బాగుపడితే వెనక్కొచ్చి ప్రభువు పాదాల దగ్గర పడ్డవాడు ఒక్కడే, అతను యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు. మన విశ్వాసుల్లో ఇది నాకు చాలా బాధ కలిగించే లోపం. వార్డులో రోగి బాగుపడగానే "మా దేవుడు చేశాడు" అని సాక్ష్యం చెబుతారు, రాత్రంతా మేల్కొన్న ఆయాకి ఒక్క మాట చెప్పరు. మీరు వచ్చే డయాలసిస్ రోజున ఆ టెక్నీషియన్‌కి, గది ఊడ్చే ఆమెకి పేరు పెట్టి పిలిచి థ్యాంక్స్ చెప్పండి. ఆమె ఏ దేవుణ్ణి కొలుస్తుందో చూడకండి.

అప్పు గురించి, రేపటి గురించి టెన్షన్ ఉంటుంది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని ఉంది, అరణ్యంలో దేవుడిచ్చిన మన్నా అనే ఆహారం కూడా ఏ రోజుకారోజే కురిసింది. దాని అర్థం రేపటి లెక్క చూసుకోవద్దని కాదు. ఒక సాయంత్రం కూర్చుని, ఎవరికెంత ఇవ్వాలి, వడ్డీ ఎంత, ఏది ముందు తీర్చాలి అని కాగితం మీద పెట్టండి. చీకట్లో తలలో తిరిగే అప్పు కాగితం మీద ఉన్న అప్పుకంటే ఎప్పుడూ పెద్దగా కనిపిస్తుంది. బ్యాంకు అప్పయితే మేనేజర్ని కలిసి గడువు అడగండి. డ్వాక్రా సంఘంలో పరిస్థితి చెప్పండి. అది చేశాక, ఆ రోజు ఇంకేం చేయలేరు అన్నప్పుడు కాగితం మూసి దేవుడికి అప్పజెప్పండి.

స్వస్థత కోసం పెద్ద మొక్కుబడి కానుక కట్టమన్నారని రాశారు. అప్పు చేసి కానుక వేయొద్దు. శక్తికి మించి కాదు, కలిమి కొలదీ ఇచ్చిందే ప్రీతికరమని కొరింథీ సంఘానికి పౌలు రాశాడు. దేవుడు మీ ఆయన ప్రాణానికి ధర చెప్పే వ్యాపారి కాడు. మీ చేతిలో పది రూపాయలుంటే పది వేయండి, లేకపోతే చేతులు జోడించి రండి.

సాక్ష్యం మాత్రం మానకండి, తీరు మార్చండి. వచ్చే ఆదివారం లేచి ఇలా చెప్పొచ్చు: "ఈ వారం మా ఆయనకి డయాలసిస్ బాగా జరిగింది, దేవునికి వందనాలు. జబ్బు తగ్గలేదు. నాకు రాత్రుళ్లు భయంగా ఉంటోంది, నిద్ర పట్టడం లేదు. నాకోసం ప్రార్థించండి. మంగళవారం పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు, ఎవరైనా చూడగలరా?" మీరు అంతా బాగుందని చెబుతుంటే, మీ బరువు పట్టుకోవాలని ఉన్నవాళ్లకి కూడా దారి దొరకదు. ఆ బెంచీల్లో మీలాగే నవ్వు మొహం పెట్టుకుని కూర్చున్న ఇంకో ఇల్లాలు తప్పకుండా ఉంటుంది. మీ మాట విన్నాక ఆవిడ మీ దగ్గరికొస్తుంది, చూడండి. అయ్యగారితో విడిగా మాట్లాడి డయాలసిస్ మానమన్న మాట కూడా చెప్పండి. ఆ మాట అన్నవాళ్ల మీద ఫిర్యాదుగా వద్దు. ఇంకో ఇంట్లో ప్రాణం పోకుండా ప్రసంగ వేదిక మీంచి ఆయనే స్పష్టంగా చెప్పాలని అడగండి.

నిద్ర విషయం తేలిగ్గా తీసుకోకండి. ఏలీయా ప్రవక్త ఇక చచ్చిపోతాను అని బదరీ చెట్టు కింద పడుకుంటే, దూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టి పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. మీరు కూడా వేళకు తినండి. ఆసుపత్రికి వెళ్లే రోజు మీకూ ఒక డబ్బా కట్టుకోండి, రోగి వెంట వచ్చేవాళ్లు రోజంతా టీ మీద ఉండిపోవడం నేను ఎప్పుడూ చూసేదాన్ని. రెండు మూడు వారాలైనా నిద్ర రాకపోతే డాక్టరుకి చెప్పండి. బతకడం అనవసరం అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416 కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలీ మానస్ లైను, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. ఆ ఫోన్ చేయడం కూడా ప్రార్థన మానేసినట్టు కాదు.

ఆఖరుగా మీ చిన్నబాబు సంగతి. కుటుంబ ప్రార్థనలో రోజూ "నాన్నకి రేపు బాగైపోవాలి" అంటున్నాడని, ఏం చెప్పాలో తెలియక మీరు లేచి వంటింట్లోకి వెళ్లిపోతున్నారని రాశారు. వాడి ప్రార్థన ఆపకండి, దిద్దకండి. రేపు తప్పకుండా బాగైపోతుందని హామీ కూడా ఇవ్వకండి, అది నెరవేరకపోతే వాడు మిమ్మల్నీ దేవుణ్ణీ ఇద్దర్నీ నమ్మడం మానేస్తాడు. "నాన్న కిడ్నీలు పనిచేయడం లేదు నాన్నా, అందుకే మిషన్ సాయం చేస్తోంది. బాగవ్వాలని మనం రోజూ అడుగుదాం. బాగైనా కాకపోయినా యేసయ్య మన ఇంట్లోనే ఉంటాడు, నేనూ ఉంటాను" అని చెప్పండి. వాడు ఎందుకు బాగుచేయడం లేదని అడిగితే, నాకూ తెలియదు అనండి, వాణ్ణి దగ్గరికి తీసుకోండి. వంటింట్లోకి వెళ్లొద్దు. మీరు ఏడ్చినా వాడి పక్కనే కూర్చుని ఏడవండి. మీ ఆయన్ని కూడా ప్రార్థన చేయమనండి, రోగి కదా అని ఆయన్ని ఊరికే కూర్చోబెట్టొద్దు. ఆ రోజు రాసుకున్న పుస్తకంలోంచి ఆయనే చదివి పిల్లలకి వినిపించనివ్వండి.